చారుకి తెచ్చిన పుంజు

ఆ పుంజును తెచ్చింది చారుకి. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. ఎందుకంటే తర్వాత ఆ అపార్టుమెంటులో వాళ్ళు దాని గురించి నోటికొచ్చినట్టు చెప్పుకున్నారు. మొక్కుకోడి అన్నారు, పందెం కోడి అన్నారు, ఒకావిడైతే దాలమ్మగారికి కాస్త మతి తప్పిందని కూడా అంది. అదేమీ లేదు. ఆపరేషనైన మనిషికి బలం పట్టాలంటే నాటుకోడి చారు పోయాలని ఎవరో చెబితే, అల్లుడు వినోద్ ఒక శుక్రవారం సాయంత్రం స్కూటీ హ్యాండిలుకు తలకిందులుగా వేలాడదీసి, విజయనగరం వీధులన్నీ తిప్పి తెచ్చాడు. ఎర్ర ఈకల డేగ రకం పుంజు. బాల్కనీలో వాషింగ్ మెషీన్ కాలికి కట్టేసి, "అత్తా, ఆదివారం నీకు పండగే" అని లోపలికి పోయాడు.

దాలమ్మ దాని ముందు గొంతుక్కూర్చుని చూసింది. కాలి ముల్లు ఇంకా పెసరగింజంత ఉంది. కూత కూడా రాని పడుచు పుంజు. రెండు రోజులు దానికి నూకలు వేసింది, నీళ్ళు పెట్టింది. ఆదివారం పొద్దున్న వినోద్ కత్తి పట్టుకుని వచ్చేసరికి తాడు విప్పేసి, పుంజును చంకలో పెట్టుకుని గోడవారగా కూర్చుంది. కూతురు ఉష వచ్చి బతిమాలింది. దాలమ్మ తల అడ్డంగా ఊపింది. "ఎందుకమ్మా, మొన్న తెమ్మంటే తలూపినావు కదా" అంటే మళ్ళీ అడ్డంగానే ఊపింది. అప్పటికి నలభై రోజులుగా దాలమ్మ నోరు విప్పడం మానేసింది మరి.

దాలమ్మ అంటే ఎవరనుకున్నారు? శ్రీముఖలింగం దాటాక వంశధార ఒడ్డున ఉన్న పల్లె వాళ్ళది. మొగుడు పోయాక పదేళ్ళు ఒంటి చేత్తో నాలుగెకరాల వరి పండించిన మనిషి. ఊడ్పులప్పుడు గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే మూడు మళ్ళ అవతల వంగిన నడుములు లేచి నిలబడేవి. "మా అప్పకి ఫోనెందుకు? గట్టెక్కి పిలిస్తే సికాకుళంలో ఇనబడతాది" అని తమ్ముడు కూర్మయ్య ఎకసెక్కమాడేవాడు. అప్ప అంటే వాళ్ళ వైపు అక్క.

ఆ నోట్లోనే పద్నాలుగో ఏటి నుంచి అడ్డచుట్ట. తెలియని వాళ్ళకు చెప్పాలి, అడ్డచుట్ట అంటే నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చేది. పొలంలో గాలికి ఆరిపోదు, రెండు చేతులకూ పని ఆగదు. ఆ వైపు ఆడవాళ్ళకు అదేమంత వింత కాదు. వాళ్ళమ్మ కాల్చింది, వాళ్ళత్త కాల్చింది, ఈవిడా నలభై నాలుగేళ్ళు కాల్చింది. నలభై నాలుగేళ్ళ నిప్పు ఊరికే పోతుందా? అంగిట్లో పుండు లేచింది. విశాఖపట్నంలో పెద్దాసుపత్రి వాళ్ళు అంగిడి సగానికి సగం కోసి తీసేశారు. ఆ కన్నానికి కట్టుడు పళ్ళ సెట్టు లాంటి ప్లేటు ఒకటి చేసి ఇచ్చారు. అది పెట్టుకుంటే అన్నం ముక్కులోకి ఎక్కదు, మాట కూడా కొంత నయం. ప్లేటు లేకపోతే అన్నదంతా గాలై ముక్కులోంచి పోతుంది.

మాట నేర్పే అమ్మాయి ఒకతె ఉంది అక్కడ, మెడలో కార్డు వేసుకుని. ఆ అమ్మాయి దాలమ్మ చేయి పట్టుకుని మరీ చెప్పింది. "మామ్మా, రోజూ మనుషులతో మాట్లాడాలి. సిగ్గుపడకూడదు. ఈ మూడు నెల్లే ముఖ్యం. ఇప్పుడు నాలికకి కొత్త దారి అలవాటు చెయ్యకపోతే తర్వాత చెయ్యడం చాలా కష్టం." దాలమ్మ అన్నిటికీ తలూపింది.

ఇంటికొచ్చిన వారానికి కింద కూరగాయల బండి దగ్గరికి తనే దిగింది. బీరకాయలు ఎంత అని అడిగింది. బండి ఆవిడ ఒక్క క్షణం మొహంలోకి చూసి, వేళ్ళు రెండు లేపి, మళ్ళీ మూడు లేపి, చెవిటి వాళ్ళకు చెప్పినట్టు గట్టిగా అరుస్తూ చేతులతో తూకం చూపించింది. పాపం మంచికే చేసింది. పక్కనున్న ఇద్దరు జాలిగా జరిగి దారిచ్చారు కూడా. దాలమ్మ బీరకాయలు కొనకుండానే మూడంతస్తులు ఎక్కి వచ్చేసింది. మొహం కడుక్కుంది. ఆ రోజుతో సరి. కూతురితో సైగ, అల్లుడితో సైగ. తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేస్తే వద్దని చేయి ఊపేది. ఫోన్లో సైగలు కుదరవు కదా.

అలా అని ఆవిడకు మాటల మీద కోరిక చచ్చిందా అంటే, లేదు. లోపల మాటలన్నీ అలాగే ఉన్నాయి. కూర ఉప్పయితే తిట్టాలనుండేది, అల్లుడు ఫ్యాన్ వేసి మరచిపోతే అరవాలనుండేది. నోటిదాకా వచ్చి, బండి ఆవిడ వేళ్ళు గుర్తొచ్చి, వెనక్కి పోయేవి.

పుంజును మేడ మీద నీళ్ళ ట్యాంకు కింద, ఒక పాత కూలర్ డబ్బాలో పెట్టారు. పొద్దున్నా సాయంత్రం దాలమ్మ గిన్నెలో నూకలు పట్టుకుని పైకి ఎక్కేది. మూడో రోజో నాలుగో రోజో, పుంజు నూకలు తినకుండా కాళ్ళతో చిమ్మేస్తుంటే ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఏట్రా, ఒళ్ళు బలిసిందేటి? సక్కగ తిను!"

అనేశాక తనే బెదిరి చుట్టూ చూసింది. ఎవరూ లేరు, ఆరేసిన చీరలు తప్ప. ఆ మాట సగం ముక్కులోంచే వచ్చింది, నిజమే. కానీ పుంజు వేళ్ళు లేపలేదు, జాలిపడలేదు. తల ఓరగా పెట్టి చూసి, నూకలు తినడం మొదలుపెట్టింది. దాలమ్మకు ఎంత హాయి కలిగిందో చెప్పలేను. ఆ పూట అరగంట మాట్లాడింది. ఊళ్ళో నువ్వుల చేను సంగతి చెప్పింది, వినోద్ మంచోడే గాని బద్దకస్తుడని చెప్పింది, ఆసుపత్రిలో ఇడ్లీలు రాళ్ళలా ఉండేవని చెప్పింది.

అదే వారంలో దానికి కూత మొదలైంది. మొదటి కూత విని ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తుప్పు పట్టిన తలుపు తీసినట్టు "కొ... క్క్... కీ" అని మధ్యలో విరిగిపోయింది. పుంజు తనే ఆశ్చర్యపోయి అటూ ఇటూ చూసింది. "పర్లేదులేరా, మల్లీ కుయ్యి" అంది దాలమ్మ. మర్నాడు ఇంకొంచెం నయం. పది రోజుల్లో మెడ సాచి, రెక్కలు తటతటా కొట్టి, నాలుగు వీధులు లేచేలా కూసింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. తన మాట కూడా అప్పటికి కొంచెం తేలికయినట్టే అనిపించింది, 'చ'లూ 'ప'లూ కాస్త నిలబడుతున్నాయి. ఇంకొన్నాళ్ళు పోతే ఉషతో మాట్లాడి చూద్దామనుకుంది.

అంతలో పద్మకుమారిగారు వచ్చారు. కింద ఫ్లాటే ఆవిడది, అసోసియేషన్ ప్రెసిడెంటు. గొడవ మనిషి కాదు, ముందు దాలమ్మ ఆరోగ్యం అడిగి, ఉష ఇచ్చిన టీ తాగాకే విషయంలోకి వచ్చారు.

"మా శ్రావణి పురిటికొచ్చింది కదమ్మా. పిల్లకి ఇరవయ్యో రోజు. నాలుగున్నరకి మీ కోడి కూస్తాది, పిల్ల ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తాది. ఇంక ఇల్లంతా జాగారమే. మీరే ఏదో ఒకటి సెయ్యండి, నాను కాగితం పెట్టి మీటింగు అదీ అంటే బాగోదు."

ఏం తప్పుంది అందులో? పసిపిల్ల తల్లి నిద్ర కంటే కోడి ఎక్కువా? దాలమ్మకు కూడా అదే అనిపించింది. అనిపించినా పుంజును వదులుకోబుద్ధి కాలేదు.

పద్మకుమారిగారు వెళ్ళగానే వినోద్, "పోన్లే, ఆదివారం చారు పెట్టేద్దాం" అన్నాడు. దాలమ్మ అతని వంక చూసిన చూపుకు పాపం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. సాయంత్రమంతా సెల్‌ఫోన్లో ఏవో వీడియోలు చూసి, మర్నాడు పాత బీపీ మిషను పట్టీ కత్తిరించి ఒక బెల్టు తయారు చేశాడు. పుంజు మెడకు చుట్టి, బిగువు చూసి అతికించాడు.

"సూడత్తా, విదేశాల్లో సిటీల్లో అందరూ ఇదే కడతారంట. గొంతులోకి గాలి ఒక్కపాలి తన్నకుండా ఆపుతాది. దెబ్బ తగలదు, తిండి తింటాడు, ఊపిరి ఆడతాది. సప్పుడు రాదు, అంతే."

నిజంగానే చప్పుడు రాలేదు. శ్రావణి పిల్ల నిద్రపోయింది, పద్మకుమారిగారు గిన్నెడు పాయసం పంపించారు. ఉష మెచ్చుకుంది. వినోద్ రెండు రోజులు తన తెలివి గురించి తనే చెప్పుకున్నాడు. అందరూ బాగున్నారు.

దాలమ్మ ఒక్కతే చూసింది, పొద్దున్నే మేడ మీద. పుంజు ట్యాంకు పక్కనున్న ఇటుకల మీదికి ఎక్కింది. మెడ సాచింది, కళ్ళు మూసుకుంది, నోరు తెరిచింది. బొంగురు గాలి ఒకటి బుస్సుమని వచ్చింది. కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. మళ్ళీ కాళ్ళు సర్దుకుని మెడ సాచింది. మళ్ళీ గాలే. అలా ఐదుసార్లు. రెండో రోజు రెండుసార్లు చేసింది. మూడో రోజు ఇటుకల మీదికి ఎక్కింది గాని మెడ సాచలేదు. నాలుగో రోజు ఎక్కనే లేదు. గిన్నె దగ్గరికి వచ్చి నూకలు తిని, నీడలో కూర్చుంది.

ఆ రోజు దాలమ్మ దానితో మాట్లాడలేకపోయింది. కిందికి వచ్చేసరికి ఉష ఎవరో చుట్టంతో ఫోన్లో చెబుతోంది.

"అమ్మ బాగుంది పిన్నీ. తింటాది, తిరుగుతాది, ఏ ఇబ్బందీ లేదు. మాట్టాడదు, అంతే."

దాలమ్మ గుమ్మంలో ఆగిపోయింది. కూతురు తప్పుగా ఏమీ అనలేదు. ప్రేమ లేక కాదు, రోజూ ప్లేటు కడిగి పెట్టేది ఆ పిల్లే. కానీ ఆ 'అంతే' విన్నాక ఆవిడ లోపల ఏదో భగ్గుమంది. గిరుక్కున వెనక్కి తిరిగి మళ్ళీ మేడెక్కింది. ఒగరుస్తూ పుంజును పట్టుకుని, గోళ్ళతో ఆ పట్టీని పీకి, ట్యాంకు వెనక్కి విసిరేసింది. ఊళ్ళో వాళ్ళందరూ నిద్ర చెడిపోయి తిట్టినా సరే, రేపు కూస్తే చాలు, ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దామనుకుంది.

మర్నాడు చీకటితోనే వెళ్ళి కూర్చుంది. తూరుపు తెల్లబడింది. పాలబ్బాయి మోటారు సైకిలు వచ్చి పోయింది. పుంజు కూయలేదు. ఆ మర్నాడూ కూయలేదు. మెడ చుట్టూ ఈకలు నలిగి ఉన్నాయి, అంతకు మించి ఏమీ లేదు. ఇటుకల మీదికి ఎక్కించి పెడితే దిగిపోయింది.

ఇన్నాళ్ళూ ఆవిడ పట్టీదే తప్పనుకుంది. పట్టీ పోయినా ఇదేమిటి? "ఒరే, ఇప్పుడెవుడు కట్టేడ్రా నీకు?" అంది గట్టిగా. ఆ మాట అన్నాక ఇంక అక్కడ నిలబడలేకపోయింది. అంగిట్లో కన్నం ప్లేటుతో మూసి నెలలు అవుతోంది. మాట నేర్పే అమ్మాయి చెప్పిన మూడు నెలలకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. తనను ఎవరు కట్టారు? బీరకాయల బండి ఆవిడా? ఆవిడ ఈపాటికి ఆ సంగతే మరచిపోయి ఉంటుంది.

పుంజు సంగతి మాత్రం ఆవిడకు తెలుసు. కూత పోయిన పుంజుకు నాలుగు పుంజుల మధ్య పడేయడం ఒకటే మందు. ఎదుటి గట్టు మీద ఇంకోడు కూస్తే పౌరుషం ఆగదు, తనంతట తనే మెడ లేస్తుంది. ఈ ఊళ్ళో దానికి బదులు కూసేదెవరు? కూర్మయ్య దొడ్లో అయితే పుంజులు మూడున్నాయి, పెట్టలు డజను. వాడొచ్చి పట్టుకుపోవాలి.

సాయంత్రం ఉషకు సైగ చేసి చెప్పబోయింది. పుంజును చూపించింది, దూరంగా ఊరి వైపు చేయి చూపించింది. ఉష దగ్గరికొచ్చి భుజం మీద చేయి వేసింది. "ఊరెల్లిపోతానంటావా అమ్మా? నెలాకరికి సెకప్పుంది కదా, అదయ్యాక నేనే దించుతాను. పుంజుకేం, ఇప్పుడు అరవట్లేదు కదా, ఇక్కడే ఉండనీ. నీకూ కాలక్షేపం." దాలమ్మ కాదు కాదని చేతులు ఊపింది. ఉష అర్థమయినట్టు తలూపి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఉష ఆఫీసుకు, వినోద్ పనికి వెళ్ళాక, దాలమ్మ బల్ల సొరుగులోంచి తన బటన్ల ఫోను తీసింది. ఉష ఎప్పుడో పెట్టి ఇచ్చింది, రెండో నంబరు నొక్కి పట్టుకుంటే కూర్మయ్యకు వెళుతుంది. మేడ మీదికి వెళ్ళి, ట్యాంకు నీడలో తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

నొక్కింది.

"అలో, ఎవులు?" కూర్మయ్య గొంతు. వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు.

దాలమ్మ ఫోను చెవికి గట్టిగా అదుముకుంది. వాడు మళ్ళీ అలో అన్నాక, "కూర్మా, నాన్రా" అంది. అది ముక్కులోంచి ఎలా వెళ్ళిందో, అక్కడ ఎలా వినబడిందో.

"ఏటి? ఇనబళ్ళేదు. సిగ్నలు లేదు" అని పెట్టేశాడు.

రెండోసారి నొక్కింది. ఈసారి కొంచెం గట్టిగా, "పుంజు... పట్టికెల్లాల" అంది. "రాంగు నంబరు బాబూ" అన్నాడు. కూర్మయ్యకు అక్షరాలు రావు, ఫోను మీద ఎవరి పేరు పడిందో చూసే అలవాటు లేదు, మోగితే ఎత్తుతాడంతే. అక్కగారు ఫోన్లో మాట్లాడుతుందని అతను కలలో కూడా అనుకోడు. రెండు నెలలుగా ఆవిడ మాట్లాడనంటోందని ఉష చెబుతూనే ఉంది కదా.

దాలమ్మ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. ఇక చాలు, లేచి పోదామనుకుంది. పుంజు ఎదురుగా నీడలో కూర్చుని, రెప్ప పైకీ కిందికీ వేస్తూ ఊరికే చూస్తోంది. ఆ చూపు ఆవిడ భరించలేకపోయింది. మూడోసారి నొక్కింది.

ఈసారి కూర్మయ్యకు చిర్రెత్తింది. "ఎవుడ్రా నువ్వు? పట్టపగలే తాగేసి ఫోన్లు సేస్తన్నావేటి? నాకు పన్లేదనుకున్నావా?"

అంతే. తాగినవాడితో పోల్చాడు. అదీ ఎవడు? ముక్కు చీమిడి తుడిచి, ఎత్తుకు మోసి పెంచిన తమ్ముడు! దాలమ్మ బకెట్టు మీంచి దిగ్గున లేచింది. ఇన్నాళ్ళ నుంచి నోటిదాకా వచ్చి వెనక్కి పోయినవన్నీ ఒక్కసారి తోసుకొచ్చాయి. ఒరే నీ నోరు పడిపోను, అక్కని పట్టుకుని తాగినోడంటావా, నీకు కళ్ళు నెత్తికెక్కినాయిరా, మొన్న ఆసుపత్రికొచ్చి గోడవార నిలబడి ఏడిసి ఎల్లిపోనావు, ఒక్క మాటైనా నాతో అన్నావా, నాకు సైగల్చేసినావు, నాకు! నాను సెవిటిదాన్నేట్రా? ఆవిడ అన్నది ఇదీ. కానీ ప్లేటు కదిలిపోయింది, మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, సగం గాలై పోయాయి. అవతలికి ఏం చేరిందో దేవుడికే తెలియాలి. ఆరేసిన చీరల అవతల పక్క మేడ మీద వడియాలు పెడుతున్న ఎవరో తలెత్తి చూశారు. దాలమ్మ వాళ్ళనూ ఒక చూపు చూసి, ఊపిరి అయిపోయేదాకా తిట్టి, ఆగింది.

అవతల ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది. పెట్టేశాడనుకుంది.

"...అప్పా?"

దాలమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అప్పా, నువ్వేనా?" అన్నాడు కూర్మయ్య. "ఓలమ్మ, నువ్వేనే! ఉండు, ఉండు, పెట్టీకు. గట్టు మీద కూకుంటన్నాను." బురదలోంచి కాళ్ళు లాగిన చప్పుడు వినబడింది. కాసేపు ముక్కు ఎగబీల్చుకున్నాడు. "ఒక్క ముక్క బోదపళ్ళేదే అప్పా. తిడతన్నావని మాత్రం తెలిసింది. ఇంకోపాలి సెప్పు."

ఆవిడకు కళ్ళ నీళ్ళు జలజలా కారాయి. తుడుచుకోలేదు. ఇంకోసారి చెప్పమని ఆవిడను ఇన్ని నెలల్లో ఎవరూ అడగలేదు. అందరూ ఊరికే అర్థమయిపోయినట్టు తలూపారు.

"సెప్పే. నెమ్మదిగ సెప్పు. నాకేటి, సాయంత్రం దాకా కూకుంటాను."

దాలమ్మ బకెట్టు మీద కూర్చుంది. బొటనవేలితో ప్లేటును పైకి అదిమి సర్దుకుంది. ఊపిరి తీసుకుంది.

"పుంజు" అంది.

"పు... ఏటి? పుంజా? ఆ, పుంజు. ఊఁ. తరవాత?"